ఆస్కాట్‌లో ఒక వేసవి రోజు: టోపీ, తూకం, పందెం

బ్రిటన్‌లో ఏటా జూన్ నెలలో ఐదు రోజులపాటు జరిగే రాయల్ ఆస్కాట్ గుర్రప్పందాల్లో రోజుకు ఏడు రేసులుంటాయి. వాటిలో చాలావరకు రెండు నిమిషాల్లోపే ముగుస్తాయి. రోజంతా కలిపి గుర్రాలు నిజంగా పరుగెత్తే సమయం పావుగంటకు కాస్త అటూ ఇటూ. అయినా ఆ ఐదు రోజుల్లో రెండున్నర లక్షలకు పైగా జనం వస్తారు. ఉదయం గేట్లు తెరిచినప్పటి నుంచి సాయంత్రం ఆరు దాటేదాకా అక్కడే గడుపుతారు. ఆ పావుగంట కోసం ఇంత ఏర్పాటు, ఇంత అలంకరణ, ఇంత డబ్బు ఎందుకు కదులుతాయి?

స్నేహితులతో కలిసి ముస్తాబై వెళ్లే వేసవి విహారంగానే ఆస్కాట్ చాలామందికి తెలుసు. ఫోటోల్లో కనిపించేది కూడా అదే: వింత టోపీలు, పచ్చిక, బుట్టల్లో తెచ్చుకున్న భోజనాలు. కానీ ఆ మైదానంలో ఒకదానికొకటి పూర్తిగా ఎదురైన రెండు పద్ధతులు పక్కపక్కనే నడుస్తుంటాయి. ట్రాక్ మీద, సమానం కాని గుర్రాలకు బరువులు మోపి సమానం చేయాలని చూస్తారు. స్టాండుల్లో, సమానమైన మనుషులను బ్యాడ్జీలతో, టోపీలతో వేరు చేస్తారు. ఈ రెండూ తెలియకుండా వెళ్తే రోజంతా కళ్ల ముందు జరిగేది సగమే అర్థమవుతుంది. తెలిసి వెళ్తే, నా దృష్టిలో, ఇంత లోతున్న ఆటలు ప్రపంచంలో ఎన్నో లేవు.

రాణి వేసిన బాట

విండ్సర్ కోట దగ్గర్లోని బీడు భూమి గుర్రాలు దౌడు తీయడానికి బాగుంటుందని గుర్తించినది బ్రిటన్ రాణి ఆన్. 1711 ఆగస్టు 11న అక్కడ తొలి రేసు జరిగింది. బహుమతి 100 గినీలు (నాటి బ్రిటన్ బంగారు నాణేలు), పోటీలో ఏడు గుర్రాలు. ఆ భూమి ప్రజల కోసం రేసుకోర్సుగానే ఉండాలని 1813లో పార్లమెంటు చట్టం చేసింది. 1825లో నాలుగో జార్జ్ రాజు గుర్రపుబండ్లలో ట్రాక్ మీదుగా ఊరేగింపుగా వచ్చాడు. నేటికీ ఐదు రోజులూ మధ్యాహ్నం రెండు గంటలకు తెల్లగుర్రాలు పూన్చిన బండ్లలో రాజకుటుంబం అలాగే వస్తుంది. ఆ తర్వాతే మొదటి రేసు.

రాజు వస్తాడు కాబట్టి రాజుకు దగ్గరగా నిలబడే చోటు ప్రత్యేకమైంది. చోటు ప్రత్యేకమైంది కాబట్టి అక్కడికి ఎవరు రావచ్చు, ఏం కట్టుకుని రావాలి అనే నియమాలు పుట్టాయి. ఆస్కాట్ దుస్తుల కథంతా ఈ వరసలోనే నడిచింది.

మనుషుల మధ్య కంచెలు

ప్రేక్షకుల స్థలం కొన్ని ఎన్‌క్లోజర్లుగా విడిపోయి ఉంటుంది. అన్నిటికంటే పైది రాయల్ ఎన్‌క్లోజర్. దానికి టికెట్టు కొనుక్కుని నేరుగా వెళ్లలేరు. నాలుగేళ్లయినా అక్కడికి వచ్చిన సభ్యులు కొత్తవారిని సిఫారసు చేయాలి. దాని తర్వాతది క్వీన్ ఆన్ ఎన్‌క్లోజర్; డబ్బు పెట్టి టికెట్టు కొన్న ఎవరికైనా ప్రవేశం ఉంటుంది, కానీ దుస్తుల నియమం కచ్చితం. అన్నిటికంటే కిందిది విండ్సర్ ఎన్‌క్లోజర్. అక్కడ కచ్చితమైన నియమం లేదు, బాగా ముస్తాబై రమ్మని కోరతారంతే.

రాయల్ ఎన్‌క్లోజర్‌లో పురుషులు నలుపు, బూడిద లేదా నేవీ బ్లూ రంగు మార్నింగ్ సూటు (వెనక పొడవుగా తోకలా వేలాడే కోటున్న సూటు), వెయిస్ట్‌కోటు, టై, తలపై నిటారుగా నిలిచే టాప్ హ్యాట్ ధరించాలి. స్త్రీల గౌను మోకాలికి కాస్త పైదాకా అయినా ఉండాలి, భుజం పట్టీ కనీసం అంగుళం వెడల్పుండాలి. తలపై టోపీ తప్పనిసరి. టోపీ కాకుండా వేరే అలంకారం పెట్టుకుంటే దాని గట్టి అడుగు భాగం కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలి. జుట్టుకు గుచ్చుకునే ఈకల ఫ్యాసినేటర్లను ఈ ఎన్‌క్లోజర్‌లో 2012లో నిషేధించారు. 2017లో జంప్‌సూట్లకు అనుమతి ఇచ్చారు. క్వీన్ ఆన్ ఎన్‌క్లోజర్‌లో పురుషులకు ఒకే బట్టతో కుట్టిన సూటు, టై చాలు. స్త్రీలకు తల అలంకారం మాత్రం ఉండాల్సిందే.

మనవారికి బాగా పనికొచ్చే వెసులుబాటు ఒకటుంది. తమ దేశపు సంప్రదాయ దుస్తుల్లో రావడానికి నియమావళి స్వాగతం పలుకుతుంది. 2022 జూన్‌లో, లేడీస్ డేగా పేరుపడిన గురువారం నాడు, బ్రిటన్‌లో స్థిరపడిన భారతీయ మహిళలు వందల సంఖ్యలో చీరలు కట్టుకుని ఆస్కాట్‌కు వచ్చారు. మన చేనేతకారుల పనికి గుర్తింపు తేవాలన్నది వారి ఉద్దేశం. లండన్ వాటర్లూ నుంచి రీడింగ్ వెళ్లే రైలు మార్గంలోనే ఆస్కాట్ స్టేషన్ ఉంది. ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. రోజంతా పచ్చిక మీద నడవాలి, జూన్ అయినా గాలి వీస్తుంది, చినుకులూ పడతాయి. అందుకని జారిపోయే పట్టు కంటే వెంకటగిరి, మంగళగిరి నూలు చీరలు అక్కడ ఎంతో నయం. సన్నటి మడమల చెప్పులు నేలలో దిగబడతాయి, వెడల్పాటి మడమలు వేసుకోండి.

దుస్తుల నియమాలు నాకు ఇబ్బందిగా అనిపించవు. పెళ్లికి వెళ్లేటప్పుడు మనమూ సందర్భానికి తగ్గట్టు తయారవుతాం. ఒక రోజును గౌరవించడానికి అదొక మార్గం. కానీ అవే నియమాల వెనక మనుషుల విలువ కట్టిన చరిత్ర కూడా ఉంది. విడాకులు తీసుకున్నవారిని 1955 వరకు రాయల్ ఎన్‌క్లోజర్‌లోకి రానిచ్చేవారు కాదు. విడాకులను కోర్టు అంగీకరించినా రేసుకోర్సు కంచె అంగీకరించలేదు. సిఫారసు పద్ధతి నేటికీ ఉంది. టోపీని ఇష్టపడుతూనే ఆ కంచెను ప్రశ్నించవచ్చు. నేను రెండూ చేస్తాను.

గుర్రాల మధ్య తూకం

ఇప్పుడు ట్రాక్ వైపు వద్దాం. అసలు అందం ఇక్కడుంది.

రేసుల్లో పరుగెత్తేవి థరోబ్రెడ్ జాతి గుర్రాలు. ప్రపంచంలోని థరోబ్రెడ్లన్నిటి తండ్రి వంశాన్నీ వెనక్కి లాగితే, 17వ శతాబ్దం చివర్లో, 18వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండుకు చేరిన మూడు తూర్పు దేశాల మగ గుర్రాల దగ్గర ఆగుతుంది: బైర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. ఉత్తరార్ధగోళంలో ఈ గుర్రాలన్నిటికీ అధికారిక పుట్టినరోజు జనవరి 1. మే నెలలో పుట్టిన పిల్లకు కూడా మరుసటి జనవరి 1న ఏడాది నిండినట్టే లెక్క. చిన్న వయసులో మూడు నాలుగు నెలల తేడా అంటే కండబలంలో పెద్ద తేడా. అందుకే పెంపకందారులు పిల్లలు ఏడాది మొదట్లోనే పుట్టేలా చూసుకుంటారు.

రేసులు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, అత్యుత్తమమైనది ఏదో తేల్చే గ్రూప్ రేసులు. వీటిలో అన్నిటికంటే పై మెట్టైన గ్రూప్ 1 రేసుల్లో వయసుకు, ఆడా మగా తేడాకు మాత్రమే చిన్న సవరణ చేస్తారు, మిగతా బరువు అన్నిటికీ ఒకటే. వయసు సవరణల పట్టికను 19వ శతాబ్దం మధ్యలో అడ్మిరల్ రౌస్ అనే నౌకాదళ అధికారి రూపొందించాడు. నేటి పట్టికలకు మూలం అదే. గ్రూప్ రేసులో మేటి గుర్రం ఆధిక్యం దాచకుండా బయటపడుతుంది. 2012లో రాయల్ ఆస్కాట్ మొదటి రోజు మొదటి రేసు క్వీన్ ఆన్ స్టేక్స్‌లో ఫ్రాంకెల్ అనే గుర్రం రెండో స్థానంలోని గుర్రానికి 11 గుర్రాల నిడివి ముందు గీత దాటింది. ఆ గుర్రం జీవితంలో పాల్గొన్న 14 రేసులూ గెలిచింది.

రెండో రకం హ్యాండిక్యాప్ రేసులు. ఇక్కడ లక్ష్యం పూర్తిగా వేరు: ప్రతి గుర్రానికీ గెలిచే అవకాశం సమానంగా ఉండాలి. రేసింగ్ సంస్థ నియమించిన అధికారులు ప్రతి గుర్రం గత పరుగులను పరిశీలించి రేటింగ్ ఇస్తారు. రేటింగ్‌లో ఒక్కో అంకెకు ఒక పౌను బరువు. 100 రేటింగ్ గుర్రం, 90 రేటింగ్ గుర్రం ఒకే రేసులో ఉంటే మొదటిది 10 పౌన్లు, అంటే సుమారు నాలుగున్నర కిలోలు, ఎక్కువ మోయాలి. జాకీ, అంటే గుర్రాన్ని నడిపే రౌతు, బరువు చాలకపోతే జీను దగ్గరి గుడ్డ అరల్లో సీసం పలకలు పెడతారు. రేసుకు ముందు జీనుతో సహా జాకీని తూస్తారు. రేసు తర్వాత మళ్లీ తూస్తారు.

మైలు దూరపు రేసులో రెండు పౌన్ల బరువు సుమారు ఒక గుర్రం నిడివి తేడా తెస్తుందని స్థూలమైన లెక్క. ఆ పది పౌన్లు మేటి గుర్రం నుంచి ఐదు నిడివులు లాగేసుకుంటాయన్నమాట. రేటింగ్ వేసిన అధికారి అంచనా సరిగ్గా ఉంటే గుర్రాలన్నీ ఒకేసారి గీత చేరాలి. నిజంలో అలా జరగదు, కానీ ఎంత దగ్గరగా వస్తాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. బుధవారం జరిగే రాయల్ హంట్ కప్‌లో 30 గుర్రాల దాకా ఒకే వరసలో తిన్నటి మైలు బాట మీద బయలుదేరుతాయి. అంత వెడల్పు బాట మీద అవి తరచూ రెండు గుంపులుగా చీలి, ఒకటి కుడి కంచె వెంట, ఇంకొకటి ఎడమ కంచె వెంట పరుగెత్తుతాయి. ఏ వైపు నేల గట్టిగా ఉంది, గుర్రానికి చీటీలో ఏ స్థానం వచ్చింది అన్నవి అప్పుడు బలంతో పాటు లెక్కలోకి వస్తాయి.

శిక్షకుడి నేర్పు పరీక్షకు నిలిచేది కూడా హ్యాండిక్యాప్‌లోనే. గుర్రం నిజంగా మెరుగుపడుతూ ఉంటే దాని రేటింగ్ ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది. నిన్నటి గుర్రానికి వేసిన బరువును నేటి గుర్రం మోస్తుంది. ఆ ఖాళీని ముందే పసిగట్టడం కోసమే పందెం కాసేవారు గంటల తరబడి పాత ఫలితాలు చదువుతారు.

ధరల్లో దాగిన లెక్క

పందెం ధర అంటే జనం అభిప్రాయానికి అంకె తొడగడం. 5/1 అంటే ఒక పౌండు కాస్తే ఐదు లాభం, పైగా కాసిన పౌండు వెనక్కి. ఆరింటిలో ఒకసారి గెలుస్తుందన్న అంచనా దాని అర్థం. 1/1 అంటే సగం అవకాశం.

పందేలు తీసుకునే బుకీ ఆదాయం ఎక్కడుందో చిన్న ఉదాహరణతో చూద్దాం. మూడు గుర్రాల రేసులో ధరలు 1/1, 2/1, 3/1 అనుకోండి. వీటిని శాతాల్లోకి మారిస్తే 50, 33.3, 25. కూడితే 108.3. మూడింటిలో ఏదో ఒకటి గెలవాలి కాబట్టి మొత్తం 100 కావాలి, మిగిలిన 8.3 బుకీ పెట్టుకున్న తరుగు. మొదటి గుర్రం మీద 50 పౌండ్లు, రెండోదాని మీద 33.3, మూడోదాని మీద 25 వస్తే, ఏది గెలిచినా అతను చెల్లించేది 100 మాత్రమే. ఈ కూడిక వేసే అలవాటు ఒక్కటి నేర్చుకుంటే చాలు, బోర్డు మీది ధరలు మీతో నిజం మాట్లాడతాయి. గుర్రాలు ఎక్కువైన కొద్దీ ఆ మొత్తం ఇంకా పైకి పోతుంది.

అందరూ మెచ్చిన ఫేవరెట్ మూడు రేసుల్లో ఒకటి గెలుస్తుందన్నది చాలాకాలంగా తెలిసిన విషయం. అయినా ప్రతి రేసులోనూ కళ్లు మూసుకుని ఫేవరెట్ మీద కాసుకుంటూ పోతే చివరికి నష్టమే. ఆ గెలుపు అవకాశమంతా ధరలో ముందే కలిసిపోయి ఉంటుంది.

కొత్తవారిని తికమక పెట్టేది ‘ఈచ్ వే’ పందెం. ఐదు పౌండ్ల ఈచ్ వే అంటే ఖర్చు పది పౌండ్లు: ఐదు గెలుపు మీద, ఐదు మొదటి కొన్ని స్థానాల్లో రావడం మీద. 16 లేదా అంతకు మించి గుర్రాలున్న హ్యాండిక్యాప్‌లో సాధారణంగా మొదటి నాలుగు స్థానాలకు, ధరలో నాలుగో వంతు ఇస్తారు. 20/1 ఉన్న గుర్రం మూడోదిగా వచ్చిందనుకోండి. గెలుపు మీది ఐదు పోయాయి. రెండో ఐదుకు 5/1 చొప్పున 25 లాభం, అసలు ఐదు, మొత్తం 30 చేతికి వస్తాయి.

బుకీ కాకుండా టోట్ అనే ఇంకో దారి ఉంది. అందరి డబ్బూ ఒకచోట చేర్చి, నిర్వాహకుల వాటా తీసేసి, మిగిలినది గెలిచినవారికి పంచుతారు. ఈ పద్ధతిని 1867లో పారిస్‌లో జోసెఫ్ ఓలర్ మొదలుపెట్టాడు. ఇక్కడ మీ ప్రత్యర్థి బుకీ కాదు, మీ చుట్టూ ఉన్న జనం. కాసేటప్పుడు తుది ధర తెలియదు; రేసు మొదలై పందెం తీసుకునే కిటికీలు మూశాకే తేలుతుంది.

మన దగ్గర ఇదే పందేనికి చట్టం ఎలా ఉందో కూడా చెప్పుకోవాలి. హైదరాబాదులో రేసులు 1868లో మౌలాలీలో మొదలై, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో 1886లో మలక్‌పేటకు మారాయి. గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు, మద్రాసు రేసు క్లబ్బుకు సంబంధించిన కేసులో తీర్పు చెప్పింది. పన్ను మాత్రం జూదంతో సమానంగానే వేశారు. కాసిన పూర్తి మొత్తంపై ముందు 28 శాతం జీఎస్టీ, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. బ్రిటన్‌లో పందెం కాసినవారిపై పన్నును 2001లో ఎత్తివేశారు. బుకీ తన లాభంపై కడతాడు. పైన చెప్పిన 8.3 తరుగుకే దీర్ఘకాలంలో జనం ఓడిపోతున్నప్పుడు, మొత్తం మీద 40 శాతం పడితే ఎంత నైపుణ్యమున్నా నిలవదు. నైపుణ్యమని కోర్టు గుర్తించిన ఆటను పన్ను మళ్లీ అదృష్టానికే వదిలేసిందని నా అభిప్రాయం.

ఎక్కడైనా సరే, పందెం డబ్బును టికెట్టు, భోజనం లాగే ఆ రోజు ఖర్చుగా ముందే తీసి పక్కన పెట్టండి. అది అయిపోతే పర్సు మూసేయండి. పోయినది రాబట్టుకుందామని కాసిన పందేలే కుటుంబాలను ముంచాయి.

గుర్రం పక్షాన

ఈ ఆటలో ఒప్పుకుని పాల్గొననిది గుర్రం ఒక్కటే. సుమారు అర టన్ను శరీరం, సన్నటి కాళ్ల మీద గంటకు అరవై కిలోమీటర్లకు పైగా వేగం. ఎముక విరిగితే చాలాసార్లు ప్రాణం పోయినట్టే. బ్రిటన్ నియంత్రణ సంస్థ 2023లో కొరడా నిబంధనలు కఠినం చేసింది. అడ్డంకులు లేని రేసుల్లో జాకీ ఆరు దెబ్బలకు మించి కొట్టకూడదు. పరిమితి మరీ దాటితే గుర్రాన్నే పోటీ నుంచి అనర్హంగా ప్రకటిస్తారు. ఇది మంచి మార్పు, ఇంకా ముందుకు వెళ్లాలి. గుర్రాన్ని ప్రేమించేవాళ్లే ఈ మాట గట్టిగా అడగాలి.

ఆ ముప్పై ఐదు నిమిషాలు

రేసుకు రేసుకు మధ్య సుమారు 35 నిమిషాల విరామం ఉంటుంది. ఆ సమయమంతా మాటల్లో, సెల్ఫీల్లో కరిగిపోతే నష్టం మీదే. ఒక రేసుకైనా స్నేహితులందరూ కలిసి పెరేడ్ రింగ్ దగ్గరకు వెళ్లండి. పోటీ గుర్రాలను అక్కడ గుండ్రంగా నడిపిస్తారు. తల నిలకడగా ఉండి, వెనక కాలు ముందుకు బాగా చాచి వేస్తూ, చర్మం నిగనిగలాడుతున్న గుర్రం కోసం చూడండి. మెడ మీద, తొడల మధ్య చెమట నురగ కట్టిన గుర్రం రేసుకు ముందే శక్తి పారబోసుకుంటోందన్నమాట. జాకీ వేసుకున్న రంగులు గుర్రం యజమానివి. ఊదా చొక్కా, బంగారు జరీ, ఎర్ర చేతులు, నల్ల టోపీ కనిపిస్తే అది రాజుగారి గుర్రం. విండ్సర్ ఎన్‌క్లోజర్ చౌక, సందడి ఎక్కువ, కానీ అక్కడి నుంచి పెరేడ్ రింగ్‌కు దారి లేదు. గుర్రాలను దగ్గర నుంచి చూడాలనుకునే బృందానికి క్వీన్ ఆన్ ఎన్‌క్లోజర్ టికెట్టుకు పెట్టే అదనపు డబ్బు వృథా కాదు.

ఐదు రోజుల్లో ఒక్కరోజే కుదిరితే గురువారం ఎంచుకోండి, లేడీస్ డే టోపీల కోసం కాకుండా గోల్డ్ కప్ కోసం. 1807లో మొదలైన ఆ రేసు దూరం సుమారు రెండున్నర మైళ్లు, అంటే నాలుగు కిలోమీటర్లు. గుర్రాలు మొదట స్టాండుల ముందు నుంచే వెళ్తాయి, ఆపైన పూర్తి చుట్టు తిరిగి వస్తాయి కాబట్టి రెండుసార్లు కళ్లారా చూడవచ్చు. అవతలి వైపు స్విన్లీ బాటమ్ అనే పల్లం ఉంది. అక్కడి నుంచి గీత దాకా దాదాపు అంతా ఎత్తుకు ఎక్కాల్సిన దారే. పల్లంలో తొందరపడ్డ జాకీ గుర్రం చివరి రెండు వందల మీటర్లలో అడుగులు తడబడి వెనకబడుతుంది. ఊపిరి దాచుకున్నది అప్పుడు ముందుకొస్తుంది. యేట్స్ అనే గుర్రం 2006 నుంచి 2009 వరకు వరసగా నాలుగుసార్లు ఈ కప్పు గెలిచింది, ఇంకే గుర్రమూ ఆ పని చేయలేదు. 2013లో ఎస్టిమేట్ గెలిచినప్పుడు దాని యజమాని రెండో ఎలిజబెత్ రాణి. సింహాసనం మీద ఉన్నవారి గుర్రం గోల్డ్ కప్ గెలవడం అదే మొదటిసారి.